బారు యజమాని తెచ్చిన కాగితం

భర్త పోయాక అరవయ్యో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే, రాత నెమ్మదిగా సాగితే మన్నించండి. 2011లో ప్రపంచకప్ ఫైనలుకు ముందు రోజు, సిరిసిల్లలో మా వాడకట్టు బారు యజమాని ఒక కాగితంతో మా ఇంటికి వచ్చాడు.

"అవ్వా, గీడ ఏలుముద్ర ఎయ్యి."

"దేనికి కొడుకా?"

"తెలంగాణ కోసమే. వాడకట్టంత ఏసిన్రు."

"ధర్నా టెంటు కాడ నిన్ను ఒక్కనాడు సూడలే. తెలంగాణ మీద గింత పావురం, గింత ప్రేమ ఎప్పుడచ్చింది?"

"గట్లంటవేందే! ఏలు ఇటియ్యి, సిరా నేనే తెచ్చిన."

"ముందుగాల కాగితం ఇయ్యి."

"నీకేం సమజైతది?"

"'ఫైనల్ మ్యాచ్ రోజు... బారు రెండు గంటలు ఎక్కువ తెరిచినా... మాకు అభ్యంతరం లేదు.' గిందుల తెలంగాణ ఏడుంది కొడుకా?"

"నువ్వు సదువుడు ఎప్పుడు నేర్సినవ్?"

"మా అల్లుడు తాగుడు బంద్ జేసి నెలే అయింది. మ్యాచ్ ఇంట్లనే సూస్తనన్నడు. నీ పెద్ద టీవీ సూపెట్టి ఆన్ని గుంజకు."

"నీ ఒక్కదాని ఏలు లేకుంటే ఆగుతదా? ఇరవై మందియి ఉన్నయి."

"ఏలెందుకు, పెన్నియ్యి. 'ఒద్దు' అని రాసి సంతకం పెడుత. ఎనుక ఆ ఇరవై మందికి నేనే సదివి ఇనిపిస్త."

"కాగితం ఇటియ్యి అవ్వా!"

"కూసో. నాకు రాసుడు జర ఆలస్యమైతది."

— కోడం లచ్చవ్వ, డెబ్బై నాలుగేళ్లు, ఇప్పుడు కోరుట్లలో బిడ్డ, అల్లుడి దగ్గర.