ఫాతిహా మధ్యలో ఫుల్లా

శుక్రవారం, సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక. దమియాత్‌లో నైలు ఒడ్డున వలలు బాగుచేసే హాజీ సిబాయి కొట్టు. పక్క కొట్లో సోఫాలు కుట్టే బదావీ వచ్చి కూర్చున్నాడు.

"కరవడమంటే ఏదో పన్ను ఆనించడం కాదు హాజీ. పట్టుకుని వేలాడింది."

"ఎవర్ని?"

"ఇంకెవర్ని? మా అమ్మాయి ఇంతిసార్‌కి కుదిరిన పెళ్లికొడుకుని. మంచం కోళ్లు చెక్కే వగ్దీ లేడూ, అతన్ని."

"మళ్లీనా."

"మళ్లీనే. పిల్లి పేరు చూస్తే ఫుల్లా. మల్లెపువ్వట. ఏ ఘడియలో పెట్టిందో మా అమ్మాయి ఆ పేరు. చలికాలంలో రేవు ఆఫీసు గుమాస్తా వచ్చాడా, అతన్ని కరిచింది. నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ పోయాడు. రంజాన్‌కి ముందు మా మేనత్త మనవడొచ్చాడు. వాడు పిల్లిని గోడకేసి కొట్టబోయాడు. వాళ్లమ్మేమో, ఈ ఇంటికి దిష్టి తగిలింది, మంచినీళ్లు కూడా ముట్టను అని లేచింది. ఇప్పుడితను. వీధిలో ఏమంటున్నారో తెలుసా? బదావీ ఇంటికి సంబంధానికెళితే చేతికి తోలుసంచి కట్టుకుని వెళ్లాలట."

"ఎప్పుడు కరిచింది?"

"ఇవాళే, మధ్యాహ్నం జుమా నమాజు అయ్యాక..."

"అది కాదు. ఏం చేస్తుండగా?"

"ఏం చేస్తుండగా ఏముంది, ఫాతిహా చదువుతుండగా. మాట ఖాయమనుకున్నాం, అల్లా సాక్షిగా దానికి ముద్ర పడాలని రెండువైపులవాళ్లం అరచేతులు తెరిచి పైకెత్తాం. అంతదాకా సోఫా చేతి మీద దేవదూతలా పడుకునుంది. అతను చేతులెత్తాడో లేదో, ఒకటే దూకు."

"ముందొచ్చిన ఇద్దర్నీ?"

"వాళ్లనీ అప్పుడే. ఆగు, ఆగు. మా ఆవిడ నబవియ్యా అనేది కూడా అదే. మనకి కనపడనివి పిల్లికి కనపడతాయట. అల్లా మాట చదివే వేళ చెడ్డవాడెవడో దానికి తెలిసిపోతుందట. నువ్వూ అదే అంటావా?"

"నేనేం అనలేదు. నా నల్లపిల్లి మీంచి చెయ్యి తియ్యి."

"ఎందుకు? హాయిగానే ఉందిగా. నీ పిల్లులు మంచివి హాజీ. మనిషి చెయ్యి తగిలితే కరిగిపోతాయి."

"తోక చూడు."

"ఊపుతోంది. సంతోషంగా ఉంది."

"కుక్క కాదది. తియ్యి."

"కాసేపు నిమిరితే నీ సొమ్మేం... అబ్బా! చూశావా? చూశావా హాజీ? ఊరుకున్నవాణ్ని!"

"ముందు తోక కొట్టింది. తర్వాత వీపు మీద తోలు వణికింది. తర్వాత చెవి పక్కకి తిప్పింది. ఇన్నిసార్లు చాలన్నాక కరిచింది."

"నోటితో మ్యావ్ అనొచ్చుగా."

"అంటే విందువా? ఫుల్లా చెవులు ఎలా ఉన్నాయి అప్పుడు?"

"పెళ్లికొడుకు చెయ్యి రక్తం కారుతుంటే పిల్లి చెవులు చూస్తారా ఎవరైనా?"

"వెనక్కి అణిచిందా? బుస కొట్టిందా? వెంట్రుకలు లేచాయా?"

"లేదు. బుసా లేదు, ఏమీ లేదు. చెవులు నిక్కబొడుచుకునే ఉన్నాయి. ముందుకాళ్లతో మణికట్టు కావలించుకుంది. వెనక్కాళ్లతో తన్నింది."

"అయితే కోపం కాదు. భయమూ కాదు. ఆట."

"ఆటా? కొత్త గుడ్డ వేసిన సోఫా హాజీ అది! రక్తం మరక పోతుందా? పాపం ఇంతిసార్ ఇందాకట్నుంచీ ఉప్పునీళ్లతో తుడుస్తూనే ఉంది."

"అతను చెయ్యి లాక్కున్నాడా?"

"ఎవరు?"

"పెళ్లికొడుకు."

"అదే చోద్యం. లాక్కోలేదు. నేను సగంలో ఆపేసి చెప్పు తీశాను. వాళ్ల నాన్న లేచాడు. ఆడవాళ్లు అరిచారు. ఇతనేమో పిల్లిని చేతికి వేలాడదీసుకుని, కదలకుండా, పెదవులు ఆడించుకుంటూ ఆమీన్ దాకా చదివాడు. అదే వదిలేసింది. వదిలాక, దీని పేరేంటండీ అని అడిగాడు. మొద్దు."

"మొద్దు కాదు. లాగితే పారిపోయే ఎర అనుకుంటుంది. పట్టు బిగిస్తుంది. కదలకపోతే దానికి ఆట ఉండదు."

"సరే, తెలివైనవాడే అనుకో. ఇప్పుడు ఆస్పత్రికి పోయి సూదులు పొడిపించుకుంటున్నాడు. పిల్లిని కొన్నాళ్లు కనిపెట్టి చూడమన్నారట. మా అమ్మాయి అప్పుడే రెండుసార్లు అడిగింది, ఆస్పత్రిలో ఏమన్నారు నాన్నా అని. కేసు పెడతారేమోనని భయం దానికి."

"నీకేం కావాలిప్పుడు?"

"ఏం కావాలా? పెళ్లికొడుకు వాళ్ల నాన్న వంతెన దగ్గర కాఫీ కొట్లో కూర్చుని ఉన్నాడు హాజీ. మీ ఇంట్లో, మీ పిల్లి వల్ల ఆగింది గనక మీరే చెప్పండి, ఈ ఫాతిహా చెల్లినట్టా, చెల్లనట్టా అన్నాడు. పొద్దుగూకేలోగా, మగ్రిబ్‌లోపు చెప్పాలి. చెల్లిందంటే సంబంధం ఖాయం. చెల్లలేదంటే అంతే, ఇంకెవరూ మా గడప తొక్కరు. నేను చెల్లిందనే చెబుదామనుకున్నాను. కానీ నిశ్చితార్థం ఉంది, నికా ఉంది, ఎన్నిసార్లు చేతులెత్తాలి? ఆ పిల్లిని ఎక్కడికైనా పంపేద్దామంటే నబవియ్యా పాపం తగులుతుందంటుంది. అందుకే నీ దగ్గరికొచ్చా. కరవడం మాన్పించు."

"మాన్పించొచ్చు."

"ఎలా?"

"చేత్తో ఆడకూడదు. తాడుకి గుడ్డపీలిక కట్టి ఆడించాలి. ఆడాక తిండి పెట్టాలి. కరిచిందా, కొట్టకూడదు, అరవకూడదు. చెయ్యి కదపకుండా ఉండి, వదిలాక లేచి అవతలికి పోవాలి. కొన్ని వారాలు పడుతుంది. ఇంట్లో అందరూ ఒకేలా చెయ్యాలి."

"అందరూ అంటే, దాంతో చేత్తో ఆడేదెవరు మా ఇంట్లో? నేను పొద్దస్తమానం సోఫాల కింద దూరి ఉంటాను. నబవియ్యాని రెండుసార్లు కరిచింది, దువా చేస్తుంటే. అప్పట్నుంచి తలుపేసుకుని నమాజు చేసుకుంటోంది."

"ఆమె కూడా చేతులెత్తినప్పుడే."

"అవును. నేను మసీదులో చదువుకుంటా గనక బతికిపోయా."

"తెరిచిన అరచేతులు కనపడితే దూకడం పుట్టుకతో రాదు బదావీ. ఎవరో రోజూ అలా పట్టి, వేళ్లాడించి, కరిచినప్పుడల్లా నోటికేదో అందించి ఉండాలి."

"ఎవరికి పట్టింది ఆ పని?"

"అమ్మాయిని కరవదా?"

"దాన్నెందుకు కరుస్తుంది, అన్నం పెట్టేది అదే. చేతుల మీద గీతలుంటాయనుకో. అవి చేపలు తోముతుంటే ముళ్లు గీసుకున్నవి. అదే చెప్పింది."

"చేపలు ఎవరు తోముతారు మీ ఇంట్లో?"

"నబవియ్యా."

"ఊఁ."

"ఇంతిసార్‌కి ఆ వాసనే పడదు. ముక్కు మూసుకుని..."

"ఊఁ."

"హాజీ."

"చెప్పు."

"నేను అడిగాను హాజీ. ముగ్గురు పెళ్లికొడుకులప్పుడూ ముందే అడిగాను. అమ్మా, ఈ సంబంధం నీకిష్టమేనా అని. మీ ఇష్టం నాన్నా అని తల వంచుకుంది. సిగ్గనుకున్నా. ఎవరైనా అదే అనుకుంటారు. ఆడపిల్ల ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కదా, మన పెద్దాళ్ల నుంచీ అంతే కదా?"

"అంతే."

"అంటే ఇన్నాళ్లూ అది వద్దంటోంది. పిల్లితో చెప్పిస్తోంది."

"ఇంటికి పో. ఇంకోసారి అడుగు."

"ఇంకా అడగడమేమిటి? మూడుసార్లడిగి మూడుసార్లూ తప్పు విన్నా. ఈసారి జవాబు పళ్లతో సహా వచ్చింది. నేనంత కర్కోటకుణ్ణా హాజీ? నా కూతురు ఏడుస్తూ వెళ్లడం నాకు కావాలా?"

"అడుగు అంటున్నా."

"నాలుగోసారి మీ ఇష్టం నాన్నా అనిపించుకోనా? చాల్లే. ఇంటి పరువు పోతే పోనీ. పోతున్నా, కాఫీ కొట్టుకి. మొహమాటం లేకుండా చెప్పేస్తా, చెల్లలేదని. తండ్రినన్నాక ఒక్కసారైనా పిల్ల మనసు తెలుసుకోవద్దూ?"

బదావీ వెళ్లిన కాసేపటికి ఇంతిసార్ వచ్చింది.

"పెదనాన్నా, పిల్లికి కరిచే అలవాటు మాన్పించాలంటే ఎలా?"

"ఇవాళ ఈ కొట్లో వలల ఊసే లేదు."

"చెప్పు పెదనాన్నా."

"నేర్పినవాళ్లు మానాలి."

"మానేస్తారు. తర్వాత?"

"ఎందుకు నేర్పారట?"

"నోటితో చెబితే ఎవరూ వినరు గనక. మీ ఇష్టం అంటే సిగ్గంటారు. వద్దంటే గారమంటారు. ఏడిస్తే ఆనందబాష్పాలంటారు. ఆ గుమాస్తా వద్దని అమ్మతో ఎన్ని రకాలుగా చెప్పానో. పెళ్లికి ముందు ఆడపిల్లలందరూ అలాగే అంటారే అంది. ఫుల్లా చెప్పింది, ఒక్కసారికే అర్థమైంది అందరికీ."

"తప్పు. దానికి ఆటనుకుంటుంది పాపం. రేపెవరైనా దాన్ని చంపుతారు."

"తెలుసు. ఇవాళ నాన్న చెప్పు తీస్తే నాకు గుండె ఆగింది. అతనే అడ్డం పెట్టాడు, బాగున్న చెయ్యి."

"ఎవరు? వగ్దీనా?"

"ఊఁ. దాన్నేమీ అనకండి, దాని తప్పు కాదు, ఎవరో నేర్పారు అన్నాడు. మెల్లిగా, నాకు మాత్రం వినపడేట్టు. అప్పటికి నేను దాన్ని ఎత్తుకోడానికి వంగి ఉన్నాను. నా చేతులు చూశాడు పెదనాన్నా. ఈ గీతలన్నీ చూశాడు. చూసి నవ్వాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుంటే మా నాన్న నన్ను అక్కడే..."

"చెప్పలేదు. మీ నాన్న మాటల్లో ఆ సంగతి లేదు."

"నాన్న వచ్చాడా ఇక్కడికి?"

"వచ్చాడు. ముందు నీ సంగతి చెప్పు. మాన్పించడం ఎందుకిప్పుడు?"

"ఎందుకంటే? ఫుల్లా నాతోనే వస్తుంది అక్కడికి. వాళ్లమ్మ ఇంట్లోనే నమాజు చేసుకుంటుందట. ఆవిడ చేతులెత్తిన మొదటి రోజే కరిస్తే, నన్నూ పిల్లినీ కలిపి బయట పెట్టరూ?"

"అక్కడికి అంటే, వగ్దీ ఇంటికా?"

"నువ్వు మరీనూ. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"మీ నాన్నకి చెప్పావా ఈ మాట?"

"చెప్పబోయాను. ఆస్పత్రిలో ఏమన్నారు అని రెండుసార్లడిగా. కన్నతండ్రితో అంతకంటే ఎలా చెబుతారు పెదనాన్నా? అయినా చెప్పక్కర్లేదు. వాళ్ల నాన్న అడిగిపోయాడు కదా, ఫాతిహా చెల్లిందా లేదా అని. చెల్లిందనే అంటాడు నాన్న. ఎవరొచ్చినా ఔననే అంటాడు. నా ఇష్టంతో ఆయనకెప్పుడు పని పడింది గనక? మొదటిసారి అది నాకు కలిసొచ్చింది. నోరు తెరవకుండా కూర్చుంటే చాలు."

"ఇంతిసార్."

"ఊఁ?"

"వంతెన దాకా పరిగెత్తగలవా?"

"వంతెన దాకానా? ఎందుకు? ఏమైంది? నాన్నకేమైనా..."

"మీ నాన్న ఆ కాఫీ కొట్టుకే పోయాడమ్మా. ఇన్నాళ్లకి నీ మనసు తెలుసుకున్నాడు. నీకిష్టం లేదని చెప్పడానికి పోయాడు."