వడకట్టిన బలం

నన్నలా చూడకురా తమ్ముడూ! అవును, నీ పొడి కలిపిన నీళ్ళు మరిగించాను. మరిగించి, గుడ్డలో వడకట్టి మరీ ఇచ్చాను. జబ్బు పిల్లకి ఏదైనా కాచకుండా ఇచ్చే తల్లి ఎక్కడైనా ఉంటుందా?

"నీళ్ళల్లో కలిపి తాగించక్కా" అన్నావు. అంతే. కాచొద్దని అన్నావా? ఆఁ, మీ ల్యాబులో ఎవరూ కాచరు కాబట్టి నీకు తట్టలేదు. సరే, నాకూ తట్టలేదు.

నువ్వు చెప్పిందంతా విన్నాన్రా. ఎముకలకి కావాల్సిన ఆ విటమిన్ నీళ్ళల్లో కరగదు, దానికి నూనె కావాలి. నీ మేనకోడలికేమో కాలేయం బాగోలేక నూనె పడదు. మాత్రలు వేసినవి వేసినట్టే బయటికి పోయేవి. అందుకని బఠాణీల్లోంచి ప్రోటీను తీసి, దాంట్లో ఆ విటమిన్‌ని దాచి, నీళ్ళల్లో కలిసే పొడి చేశారు మీవాళ్ళు. కోడి రెక్కల కింద పిల్లల్ని దాచినట్టు అన్నావు. డాక్టరు కూడా ఇవ్వమన్నాడు. నా తమ్ముడి పొడి అని వీధంతా చెప్పుకున్నాను.

కానీ ఆ వాసన! పచ్చి బఠాణీ కంపు. గ్లాసు ఇంత దూరాన ఉండగానే పిల్లకి డోకొచ్చేది. గింజల పచ్చివాసన ఎలా పోతుంది? ఉడికిస్తే పోతుంది. మరిగించాను. విరిగిన పాలలా ఉండలు కట్టింది. గొంతుకి అడ్డం పడతాయని వడకట్టి, పంచదార వేసి ఇచ్చాను. గటగటా తాగింది! "అమ్మా, ఇంకొంచెం" అంది. చలికాలమంతా అలాగే తాగింది. గుడ్డలో మిగిలిన పిప్పిని నేను సింకులో కడిగేసేదాన్ని.

ఉండలతో పాటు ఆ పిప్పిలోకే పోయిందటగా విటమినంతా? ఇవాళ నువ్వొచ్చి, ఆ గుడ్డ చూసి కుర్చీలో కూలబడితే గానీ నాకు తెలియలేదు. బూడిదలో పోసిన పన్నీరంటే ఇదే కాబోలు. ఎక్స్‌రే చూసి, కాళ్ళు ఇంకా వంగాయని డాక్టరు అన్నప్పుడు నీ పొడినే తిట్టుకున్నాను, తెలుసా?

ఇప్పుడేం చెయ్యమంటావు? కాస్తే తాగుతుంది, ఒంటికి పట్టదు. కాచకపోతే పడుతుంది, తాగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బలవంతంగా పోయమంటావా? అదీ అయింది. మొదట్లో ముక్కు మూసి పోశాను. నా మీదే కక్కింది. కక్కి, "ఇంకెప్పుడూ చెయ్యనమ్మా" అంది. దాని తప్పేముందిరా?

ఏమిటీ? వాసనేం రాదా? మీరక్కడ చెంచాడు చప్పరించి బాగుందని రాసుకుంటారు. ఇది గ్లాసుడు. ఇదిగో, కాచకుండా కలిపాను. తాగు, నువ్వు చేసిందేగా.

మొత్తం తాగు.

ఏంట్రా... నువ్వూ ముక్కు మూసుకున్నావ్?

ఇలా తే ఆ గ్లాసు. ఏడవకు, పిల్ల లేస్తుంది. నాకేమో నవ్వొస్తోంది, ఏం చెయ్యను?

జరుగు, స్టవ్ వెలిగించాలి. లేవగానే అడుగుతుంది. మళ్ళీ కాస్తాను, మళ్ళీ వడకడతాను. ఒంటికి పట్టకపోతే మానె, "ఇంకొంచెం" అంటుంది కదా.