బొగ్గు టవరును భుజం మీద దించిన బావ

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. బెల్టాయన దగ్గర ఈ సామెత పూర్తిగా పనిచేయదు. వినేవాడు దొరక్కపోతే ఆయన టీ గ్లాసుకైనా చెప్పుకుంటాడు.

మూతబడిన కరెంటు ఫ్యాక్టరీలో బొగ్గు మోసే రబ్బరు బెల్టును నడిపి నడిపి ఆయనకి ఆ పేరు స్థిరపడింది. బొగ్గును నలగ్గొట్టే పెద్ద టవరును మొన్ననే కూల్చేశారు. ఇక మిగిలింది ఆయన బెల్టు నడిచిన పొడుగాటి ఇనుప వంతెన ఒక్కటే. దాన్ని రేపు పొద్దున పడగొడతారు. రేపటి జట్టులో ఎవరెవరుంటారో చెప్పడానికి కూల్చుడు మేస్త్రి సాయంత్రం గేటు ఎదురుగా ఉన్న టీకొట్టుకి వస్తానన్నాడు. ఆ మేస్త్రి పరాయివాడేం కాదు, బెల్టాయనకి స్వయానా బావమరిది. కానీ టవరు పడిన రోజు నుంచి బావతో ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు. జట్టులో తన పేరుందో లేదో బెల్టాయనకి తెలియదు. సందేహం పెరిగినకొద్దీ ఆయన గొంతూ పెరుగుతుంది. ఆ సాయంత్రం రోడ్డు అవతలికి కూడా వినబడుతోంది.

"నా బెల్టు వంతెనకి ఆఖరి స్నానం నేనే చేయిస్తా. ఇంకొకడు పైపు పట్టుకుంటే ఒప్పుకునేది లేదు. టవరు పనిలో నన్ను చూసినవాడెవడూ రేపు నన్ను వద్దనలేడు."

"ఇంతకీ టవరు పనిలో మీరేం చేశారు బాబాయ్?" అన్నాడు పక్క కొట్టు దర్జీ, మెడలో టేపు అలాగే ఉంచుకుని.

"ఏం చేశానంటే ఏం చెప్పను? నీళ్ళు కొట్టాను, అంతే. గొప్పలు చెప్పుకోవడం నా ఒంటికి పడదు. టవరు కూల్చడమంటే సుత్తి పట్టుకుని బాదడం అనుకుంటున్నావేమో, కాదబ్బాయ్. ముందు కరెంటు తీగలన్నీ తెంపాలి, యంత్రాల్లో మిగిలిన నూనె తోడెయ్యాలి, ఆ పైన బొగ్గుపొడి కడగాలి. బొగ్గుపొడి చూడ్డానికి కాటుకలా అమాయకంగా ఉంటుంది. గాలిలోకి లేచి, దానికి ఒక్క నిప్పురవ్వ తగిలిందా, మందుగుండే! అందుకని మూలమూలా తడిపి, తడిసింది ఎత్తిపోసి, మళ్ళీ తడిపితే గానీ ఇనుము కోసే గ్యాసు మంటని గడప దాటనివ్వరు. ఆ తడిపే జట్టులో ఉన్నాను. జట్టు అన్నానా? నాలుక జారింది. మిగతావాళ్ళు పైపు తోక పట్టుకున్నారు. తడిపింది నేను."

"అంత టవరూ ఒక్కరే?" అంది టీకొట్టామె.

"పూర్తిగా వినమ్మా చెల్లెమ్మా. పనికంటే ముందు పద్ధతి. లోపలికెళ్ళే ప్రతివాడూ గేటు దగ్గర బోర్డుకి తన ఇత్తడి బిళ్ళ తగిలించి వెళ్ళాలి. బయటికొచ్చేటప్పుడు ఎవడి బిళ్ళ వాడే తీసుకోవాలి, ఒకడిది ఇంకొకడు ముట్టుకోకూడదు. బోర్డు ఖాళీ అయితేనే సైరన్. సైరన్ మోగితేనే దూరాన ఉన్న యంత్రం ఇనుప తాళ్ళు లాగుతుంది. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా, సాక్షాత్తూ ఫ్యాక్టరీ యజమాని వచ్చి కాళ్ళు పట్టుకున్నా, తాడు కదలదు. ఇంత గొప్ప రూలు ఎవరు పెట్టించారనుకున్నారు?"

"మీరేనా?"

"నా నోటితో నేను చెప్పుకుంటే బాగోదు. నేనే. అందరి బిళ్ళల మీదా అంకెలుంటే, నా బిళ్ళ మీద మేకుతో సింహాన్ని చెక్కుకున్నా."

"ఒకసారి చూపించావుగా అన్నయ్యా. పిల్లిలా ఉంది."

"నిద్రపోతున్న సింహం అమ్మా అది! లేస్తే తెలుస్తుంది."

దర్జీ నవ్వు ఆపుకోవడానికి టీ తాగబోయి పొలమారాడు. అప్పుడే ఒక మనిషి టోపీ చేతిలో పట్టుకుని వచ్చి, బెల్టాయన వీపు వెనక స్టూలు మీద కూర్చున్నాడు. మేస్త్రే. టీకొట్టామె చూసింది. నోరు తెరవబోయింది. మేస్త్రి వద్దన్నట్టు తలూపాడు. ఆమె ఒక టీ అందించి ఊరుకుంది.

"ఆ, ఎక్కడున్నాం? నీళ్ళ దగ్గర. ఫ్యాక్టరీ చెరువు నుంచి పైపు వేశాం. నేను ముక్కు పట్టుకుని వాసన చూస్తే..."

"ముక్కు పట్టుకుంటే వాసనెలా వస్తుంది బాబాయ్?"

"నీకు రాదు. అదీ తేడా. అడుగున బొగ్గు రాజుకుంటోందని నాకు తెలిసిపోయింది. పైపు తిప్పాను చూడు! ఆ తిప్పుడుకి చెరువు చెరువంతా పైపులోకి ఎక్కి పైకొచ్చేసింది. నీళ్ళయిపోయి చేపలు రావడం మొదలెట్టాయి. టపటపా, టపటపా. పాపం, నిప్పార్పడానికొచ్చి మూగజీవాల ఉసురు పోసుకోవడమా? ఒక్కో చేపనీ పట్టుకుని, వచ్చిన పైపులోంచే వెనక్కి పంపించాను. ఒక ముసలి చేప మాత్రం వెళ్ళనంటే వెళ్ళనంది. దానికి నచ్చజెప్పేసరికే మధ్యాహ్నమైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చేప టీ అడిగిందా?" అంది టీకొట్టామె.

"ఎగతాళి చెయ్యకు, ఇప్పుడు నీ కొట్టు సంగతే వస్తోంది. టవరు చెరువు వైపు పడాలని ప్లాను. ఆ వైపు కాళ్ళు ముందే సగం సగం కోసి ఉంచారు. నేను ఒక కాలికి చెవి ఆనించి విన్నాను. అది మూలుగుతోంది. 'ఏమే, ఎటు పడతావే?' అన్నాను. 'రోడ్డు వైపు పడతా' అంది. ఇంజనీరుకి చెబితే నవ్వాడు. చదువుకున్నవాళ్ళకి ఇనుము మాట వినపడదు. సరే, సైరన్ మోగింది, తాళ్ళు లాగారు, టవరు ఒరిగింది. ఎటు? సరిగ్గా ఇటు! ఈ బెంచీ మీదికి! నువ్వు గ్లాసులు కడుక్కుంటున్నావు చెల్లెమ్మా. చెబితే కంగారుపడతావని చెప్పలేదు."

"అయ్యో, ఎంత దయ!"

"ఇక ఆలోచించే టైమెక్కడిది? ఒక్క ఉరుకు ఉరికి భుజం పెట్టాను. ఆగింది. కిక్కురుమనలేదు. కాసేపటికి కుడి భుజం తిమ్మిరెక్కింది. ఎడమ భుజానికి మార్చుకున్నాను. ఈలోగా పైన పావురం గూడు కనబడింది. గుడ్లున్నాయి. గుడ్లతో సహా పడగొడితే రేపు నా ముఖం నేను అద్దంలో చూసుకోగలనా? ఒంటిచేత్తో టవరు పట్టుకుని, రెండో చేత్తో గూడు దించుదామని చూస్తే అందలేదు. ఏం చేశానంటావ్? టవరునే కాస్త వంచాను. గూడు చేతికొచ్చింది. నేను కిందపెట్టేసరికి గుడ్లు పిల్లలై, పిల్లలు ఎగిరిపోయి, వాటిలో ఒకటి పెళ్ళి కూడా..."

"పెళ్ళికి బట్టలు నా దగ్గరే కుట్టించారా?" అన్నాడు దర్జీ.

"కొలతలు తీసుకునే టైమెక్కడిదిరా, ఇంకా టవరు భుజం మీదే ఉందిగా! అప్పుడు దాన్ని చంటిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు మెల్లిగా, 'జో జో' అంటూ చెరువు వైపు తిప్పి పడుకోబెట్టాను. చప్పుడు లేదు. ఆఫీసులో కునికే పెద్ద గుమస్తాకి మెలకువ కూడా రాలేదు. దుమ్ము మాత్రం మేఘంలా లేచింది. ఊరి మీదికి పోనిస్తానా? ఒక్క ఊపిరితో మొత్తం పీల్చేశాను. ఆ రోజు నుంచి నేను తుమ్మితే మా ఆవిడ పొయ్యి అంటించుకుంటోంది. గ్యాసు సిలిండరు వెనక్కి ఇచ్చేశాం! ఇప్పుడు చెప్పండి, రేపు నేను లేకుండా వంతెన దిగుతుందా?"

జవాబు వీపు వెనక నుంచి వచ్చింది.

"బావా, చిన్న సందేహం. నువ్వు భుజం పెట్టినప్పుడు నీ బిళ్ళ ఎక్కడుంది?"

బెల్టాయన ఉలిక్కిపడి తిరిగాడు. కానీ వెనకడుగు వేసే మనిషి కాదు. "నువ్వా బామ్మర్దీ! మంచి సమయానికొచ్చావ్. బిళ్ళ ఎక్కడుంటుంది, బోర్డు మీద! నేను లోపలున్నానుగా!"

"బోర్డు మీద బిళ్ళుంటే సైరన్ మోగదు. రూలు పెట్టించినవాడివి, నువ్వే చెప్పావు. సైరన్ మోగకపోతే తాడు లాగరు. తాడు లాగకపోతే టవరు ఒరగదు. ఒరగని టవరుకి భుజమెందుకు బావా?"

దర్జీ తొడ చరుచుకున్నాడు. టీకొట్టామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంటే... బిళ్ళ జేబులో..." అన్నాడు బెల్టాయన.

"జేబులో ఉంటే నువ్వు బయటున్నట్టు. బయటున్నవాడి భుజం అంత దూరం ఎలా సాగింది?" మేస్త్రి టీ కిందపెట్టాడు. అతను మాత్రం నవ్వడం లేదు. "పోనీలే, బిళ్ళ విషయంలో నువ్వు చెప్పింది నిజమే. ఆ రోజు అది బోర్డు మీదే ఉంది. అందరివీ తీశారు, అదొక్కటి మిగిలింది. సింహం బొమ్మ."

కొట్టులో నవ్వు సద్దుమణిగింది.

"కాళ్ళు కోసేసి ఉన్నాయి. గాలి పెరుగుతోంది. అలాంటి టవరులోకి ఇంకొకడిని పంపలేను కదా. నేనే వెళ్ళాను. మెట్ల మీద తడి బొగ్గు జారుతోంది. ప్రతి అంతస్తులోనూ 'బావా' అని అరుస్తూ ఎక్కాను. గాలి వీచినప్పుడల్లా టవరు నిజంగానే మూలిగింది. నాకు దాని మాటలేవీ అర్థం కాలేదు. లోపల నువ్వే బొగ్గు కింద పడి ఉంటే అక్కకి ఏం చెప్పాలా అన్న ఒక్క మాటే నాకు వినబడింది. పై దాకా వెతికి, నువ్వు లోపల లేవని తేల్చుకున్నాకే దిగొచ్చి, రూలు తప్పి నీ బిళ్ళ నేనే తీసి సైరన్ మోగించాను."

బెల్టాయన గ్లాసు వైపు చూస్తున్నాడు. గ్లాసులో టీ లేదు.

"ఆగండాగండి," అంది టీకొట్టామె, ఉన్నట్టుండి గుర్తొచ్చి. "సైరన్ ఎంతకీ మోగలేదే, ఆ రోజేనా? అన్నయ్య ఇక్కడే ఉన్నాడుగా! వెనక కంచె సందులోంచి దూరి వచ్చాడు. గేటు చుట్టూ తిరిగితే టీ చల్లారిపోతుందన్నాడు. ఇదే బెంచీ మీద, టవరు ఎలా కూలుస్తామో చెబుతున్నాడు. సైరన్ ఇంకా మోగలేదేమిటని నేనడిగితే ఏమన్నాడో తెలుసా? 'ఎవడో బుద్ధిలేని వెధవ బిళ్ళ తీసుకోవడం మరిచిపోయి ఉంటాడమ్మా' అన్నాడు!"

దర్జీ బెంచీ మీది నుంచి జారాడు. మేస్త్రి కూడా నవ్వకూడదనుకుంటూనే నవ్వేశాడు. బెల్టాయన నవ్వలేదు. చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అందరూ ఇంకో కోత వస్తుందని చూశారు.

"రేపు నన్ను తీసుకుంటావా, తీసుకోవా?" అన్నాడు. గొంతు ఇప్పుడు రోడ్డు దాటలేదు. బెంచీ కూడా దాటలేదు. "ఆ బెల్టు మీద నా జుట్టు నెరిసింది. దాని మీద పొడి ఎక్కడ పేరుకుంటుందో నా చేతులకి తెలుసు. ఇది కోత కాదు."

"కాదని నాకూ తెలుసు. తడపడంలో నీకు సాటిలేరు. బిళ్ళ తగిలించడం అందరికీ వచ్చు బావా. తీసుకోవడం వచ్చినవాడే నాకు కావాలి." మేస్త్రి జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి బెంచీ మీద పెట్టాడు. దాని మీద పిల్లి లాంటి సింహం నిద్రపోతోంది. "రేపు దీన్ని నువ్వే తగిలించు, నువ్వే తీసి నా చేతిలో పెట్టు. పెట్టకపోతే నేను మళ్ళీ లోపలికొస్తాను. రాకుండా ఉండలేను. అది గుర్తుపెట్టుకో చాలు."

బెల్టాయన బిళ్ళ తీసుకుని, ఏమీ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన మాట్లాడకుండా వెళ్ళడం ఆ కొట్టు పుట్టాక అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఆయన అందరికంటే ముందు గేటు దగ్గరికి వచ్చి బిళ్ళ తగిలించాడు. వంతెన మీద ప్రతి మూలా తడిపాడు. రోలర్ల సందుల్లో ఎండిపోయిన పొడిని వేళ్ళతో గీకి మరీ కడిగాడు. జట్టువాళ్ళు చాలన్నా వినకుండా రెండోసారి నీళ్ళు పట్టాడు. గ్యాసు మంటతో కోసేవాళ్ళు తమ పని ముగించాక, కంచె సందు వైపు కన్నెత్తి చూడకుండా గేటు చుట్టూ తిరిగి వచ్చాడు. బిళ్ళ తీసి బావమరిది అరచేతిలో పెట్టి, ఆ చేతిని గట్టిగా మూశాడు. బోర్డు ఖాళీ అయింది. సైరన్ మోగింది. తాళ్ళు బిగిశాయి. వంతెన మధ్యలో వంగి, చెప్పిన వైపుకి, చెప్పిన చోట పడింది. తడిసిన పొడి లేవలేదు. ఒక్కరికీ చిన్న గీత పడలేదు.

టీకొట్టు దగ్గర అందరూ ఆయన్ని చుట్టుముట్టారు. "చెప్పన్నయ్యా, ఏం జరిగింది?"

"తడిపాను. బిళ్ళ తీసుకున్నాను. బయటికొచ్చాను."

"అంతేనా?"

"అంతే."

దర్జీకి దిగులు వేసింది. టీకొట్టామె గ్లాసు అందించింది. బెల్టాయన ఒక గుక్క తాగి, పడిపోయిన వంతెన వైపు చూశాడు.

"అయితే ఒకటి," అన్నాడు మెల్లిగా. "పడేముందు అది నాకు వంగి నమస్కారం పెట్టింది."

"పడేదేదైనా ముందు వంగుతుందిలే అన్నయ్యా," అంది టీకొట్టామె. "టీ తాగు, చల్లారిపోతుంది."