ఎర్ర బటన్ తీసేసిన మనిషి

హలో… ఆ, నేనే. నేను కాక ఈ ఫోన్ ఇంకెవరెత్తుతారే, పెర్సీ.

కిందే ఉన్నాను. హోటల్ బేస్‌మెంట్‌లో. మేడమ్ గారిని పైన దించేసి పార్కింగ్‌లో కూర్చున్నా.

…లేదు. రాను.

రానంటే రాననే. అందులో అర్థం కాకపోవడానికి ఏముంది.

అరవకమ్మా. ఇక్కడ సిగ్నలే అంతంతమాత్రం. నువ్వు అరిస్తే ముక్కలు ముక్కలుగా వస్తోంది.

ఎక్కడికీ పోలేదు. పోదామనే చూశాను. బయట టీ బండి దగ్గర కూర్చుని, మీ సభ అయ్యాక వచ్చి మేడమ్‌ని ఎక్కించుకుందామనుకున్నా. కారు కదిలితేగా. ఎవడో తెల్ల బండి తెచ్చి నా వెనకాల అడ్డంగా పెట్టి పోయాడు… ఆ, నెట్టి చూశా. అడ్డంగా పెట్టేవాడు న్యూట్రల్‌లో వదిలిపోవాలి, ఢిల్లీలో ఆమాత్రం మర్యాద అందరికీ ఉంది. వీడు హ్యాండ్‌బ్రేకు లాగి మరీ పోయాడు.

నడిచి ఎటు పోను? ర్యాంపు మీద మనుషుల్ని నడవనివ్వడు గార్డు. లిఫ్టెక్కితే తిన్నగా మీ లాబీలోకే. అక్కడ నా ఫోటో కట్టారుగా, గుమ్మమంత. పోయిన మా సబర్వాల్ సారు నవ్వుతున్నారు. పక్కన యూనిఫామ్‌లో నేను, దొంగతనానికి పట్టుబడినట్టు.

…దాని కింద ఏం రాశారు? ఇంగ్లీషు నాకెక్కడొచ్చు, నువ్వే చదువు.

…

ఆ, అదేనా. ‘నా డ్రైవర్ వాడగలిగితే దేశమంతా వాడగలదు.’ తెలుసులే. ప్రతి మీటింగులో అదే చెప్పేవారు. నేను తలుపు బయట నిలబడేవాణ్ణి. ఏడో తరగతిలో బడి మానేసిన నథానియేల్ అనగానే లోపల చప్పట్లు. నేను మానేసిన చదువు నాకు అక్కరకి రాలేదు గానీ, ఆయనకి మాత్రం బాగా కలిసొచ్చింది.

…గర్వమా. ఉండేదేమో. మొదట్లో.

సరే, మళ్ళీ చెప్పు. నేను స్టేజీ ఎక్కి ఏం మాట్లాడాలంటావు?

…ఈ ఫోన్ సారు నా కోసం చేశారు. నాకు హాయిగా ఉంది. రెండు ముక్కలు, హిందీలో. అంతేగా.

చెప్పకపోతే?

…

అంటే, సారు తర్వాత వచ్చిన ఆ గోపీకృష్ణ గారు మీ టీమునే ఎత్తేస్తాడా? …సారు పెట్టుకున్న వాళ్ళందర్నీనా?

…నిన్ను కూడా.

ఊఁ.

…ఉన్నానమ్మా, ఉన్నాను. ఆలోచిస్తున్నా.

ఏం సభే ఇది. మన చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెడితే, ఒకరు లేచి సాక్ష్యం చెప్తారు, ఒకరు ఏడుస్తారు, భోంచేసి పోతారు. పోయినవాడి మీద ఎవరూ నోరెత్తరు. మీరేమో ఆయన పేరు మీద ఇటు కొన్ని కుర్చీలు, అటు కొన్ని కుర్చీలు వేసుకున్నారు. గెలిచిందెవరో చివర్లో చెప్తారా?

…ఆఁ, చర్చ. అదే అంటున్నా.

గోపీకృష్ణ గారు అనేదేంటి అసలు? మన తెలుగాయనేగా. నాకర్థమయ్యేట్టు చెప్పు.

…ఎర్ర బటన్ మళ్ళీ పెడదామంటున్నాడు. కాల్ కట్ చేసే బటన్. దానికా ఇంత రాద్ధాంతం.

…అవమానం ఎందుకవుతుందే? పోయినాయన తీశారు, ఉన్నాయన పెడతానంటున్నాడు.

‘బోర్లా పెడితే కట్.’ ఆ, తెలుసు, దానికే ఆయనకి అంత పేరు. బటన్ అక్కర్లేదు, ఫోన్‌ని బోర్లా పెడితే చాలు, మాట ముగిసినట్టు. మీ అందరికీ ముద్దొచ్చింది. మీ ముందు బల్లలుంటాయి. నా ముందు ఏముంటుంది? ఫోన్ స్టాండుకి బిగించి ఉంటుంది, ఎదర రోడ్డుంటుంది. బోర్లా ఎక్కడ పెట్టనూ, స్టీరింగు మీదా?

…లేదు, వెటకారం కాదు. మీ అమ్మనడుగు. సాకేత్‌లో ఆ ఆసుపత్రి వార్డులో గ్లౌజులతో పరిగెత్తే మనిషి, నాతో మాట్లాడి ఫోన్ జేబులో వేసేసుకుంది. కట్టయిందనుకుంది. ఎవరో ముసలాయన నొప్పికి మూలుగుతున్నాడు, ఎవరో కూతురు డాక్టర్ని తిడుతోంది. అంతా నా కార్లో. నేను కట్ చేద్దామంటే నా దాన్లోనూ బటన్ లేదాయె. సిగ్నల్ దగ్గర ఆగి ఫోన్ ఊడదీసి బోర్లేసేదాకా వాళ్ళ ఏడుపు నేను విన్నా, నా హారన్ మీ అమ్మ వింది. ఇంటికొచ్చాక ఆ ఫోన్ బీరువాలో పెట్టేసి పాత బటన్ల ఫోన్ తీసింది సరళకుమారి. నీకు చెప్పొద్దంది.

…నువ్వు బాధపడతావని.

ఎందుకు చెప్పలేదంటే? ఎవరికి, సారుకా?

ఎలా చెప్తానే.

వినమ్మా. గురుగ్రామ్‌లో ఆఫీసు గేటు దగ్గర బండి ఆగగానే వెనక సీట్లోంచి చెయ్యి ముందుకొచ్చేది, చేతిలో కొత్త ఫోను. ‘దేఖో నథానియేల్, కైసా లగా?’ నేను అటూ ఇటూ రుద్ది, ‘అచ్ఛా హై సార్.’ బాగుంది అనక ఇంకేమంటాను? ఏసీ ఎలా ఉందంటే అచ్ఛా హై. మేడమ్ పంపిన రొట్టెలు ఎలా ఉన్నాయంటే అచ్ఛా హై. ఆదివారం రమ్మంటే, చర్చి మానేసి వచ్చి అచ్ఛా హై. డ్రైవరు ఆ మాట అన్నాడంటే ఇంకా ఉద్యోగంలో ఉన్నాడని అర్థం, అంతే. అది మా డ్రైవర్లందరికీ తెలుసు. వెనక సీట్లో కూర్చునేవాళ్ళకే తెలీదు.

…నవ్వుతున్నావా?

సరే, నవ్వట్లేదు.

ఆ మాట పట్టుకుని ఆయన లోపలికెళ్ళి, నథానియేల్‌కి నచ్చింది, తీసెయ్యండి బటన్ అన్నారు. నేను వెనక్కొచ్చి టైర్లు తుడుచుకున్నా. దేశం దేశమంతా ఇవాళ ఫోన్లు బోర్లేసుకుంటోందంటే… ఆ, చెప్పు. ఎవరు కారణం?

…

మోసం అంటావేంటే. నన్నడిగితే నిజం చెప్పొచ్చని ఎప్పుడైనా ఎవరైనా అన్నారా?

…అన్నారు. ఒక్కసారి. ఆయనే.

వాన. ఎక్స్‌ప్రెస్‌వే మీద బళ్ళన్నీ ఆగిపోయి ఉన్నాయి. వెనక నుంచి, ‘సచ్ బతావో నథానియేల్, ముష్కిల్ హై క్యా?’ అన్నారు. నిజం చెప్పు, వాడటం కష్టంగా ఉందా అని. అద్దంలో చూశాను. నా వంకే చూస్తున్నారు, ఎప్పుడూ లేనిది. ఆ రోజు చెప్పి ఉండొచ్చు. తిట్టేవారు కూడా కాదు.

ఎందుకంటే… ఆ పొద్దున్నే నీ ఇంటర్వ్యూ అయింది. ఆయన చెప్తేనే పిలిచారు నిన్ను. ఇంకా ఏ సంగతీ తెలీలేదు.

…

అదీ. ‘బహుత్ అచ్ఛా హై సార్’ అన్నాను. ఆయన నమ్మేశారు. సీటుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు, పసిపిల్లాడిలా.

…అయ్యో, నిన్ననట్లేదమ్మా. నీకు మార్కుల్లేకా? పిలవడం వరకే ఆయన. ఉద్యోగం నీదే.

చెడ్డవాడని ఎక్కడన్నాను? క్రిస్మస్‌కి కేకు కారు దాకా తనే పట్టుకొచ్చేవారు. పోయిన రోజు స్ట్రెచర్ పక్కన నేనూ పరిగెత్తాను. మంచిమనిషి కాబట్టే నా ప్రాణానికి వచ్చింది. వెధవ అయితే మొహం మీదే చెప్పి తాళాలు పడేసి పోయేవాణ్ణి.

ఆగు… ఏదో టింగుటింగుమంటోంది. మేడమ్ గారు. ఇది ఎత్తాలంటే నిన్ను… ఎటు తిప్పాలే? పైకా?

…వద్దొద్దు, తిప్పితే నువ్వు పోతావు. ఉండనీ.

…ఆగిపోయింది. చూశావా, పోయినాయన ఫోన్లో ఆయన భార్య పిలిస్తే ఎత్తలేకపోయాను. ఈ ముక్క చెప్పమంటావా స్టేజీ మీద?

…ఊరికే అన్నానులే. చెప్పను.

ఒక్క నిమిషం, అద్దం మీద కొడుతున్నాడు ఎవడో… హాఁ భయ్యా?… హాఁ, యహీ గాడీ… అచ్ఛా, ఠీక్ హై.

గార్డు. తెల్ల కారువాడు వచ్చాడట. …ఆ, తీస్తున్నాడు. సారీ కూడా చెప్పలేదు.

…తీసేశాడు. దారి వచ్చింది.

…

హలో? పెర్సీ?

ఏడుస్తున్నావా?

…ఇంగ్లీషులో ఏడ్చినా తెలుస్తుందే నాకు. ముక్కు తుడుచుకో. జనం ఉంటారు అక్కడ.

బండి తాళం ఊడదీసి జేబులో వేసుకున్నా. ఎక్కడికీ పోవట్లేదు. నేను చెప్పాల్సింది నువ్వు రాశావుగా, చదివి వినిపించు, నడుస్తూ వింటాను.

…

…‘చేతిలో పట్టుకోగానే ఇది నాదే అనిపించింది.’ నేనెప్పుడన్నాను ఆ మాట?

…సారు వీడియోలో చెప్పారా, నేనన్నానని. అయితే అనే ఉంటాను. ఇంకా?

…

…‘నా భార్య కూడా వార్డులో ఇదే వాడుతుంది.’ అది తీసెయ్యమ్మా. మీ అమ్మని ఇందులోకి లాగకు. …తీసేశావా? మంచిది.

…ఆ, ఆఖరున చెయ్యూపి నవ్వాలి. ఫోటోలో నవ్వలేదు కాబట్టి ఇక్కడ నవ్వాలి. అర్థమైంది.

లిఫ్టు బటన్ నొక్కాను. దీనికి ఉంది బటన్, అదృష్టం.

…ఏంటి? వినపడలేదు, మళ్ళీ చెప్పు.

…నాకు ఇష్టమేనా అనా. ఇప్పుడడుగుతున్నావా.

…లేదు, కోపం లేదు. నిజమే చెప్తున్నా.

అచ్ఛా హై, బేటా.

…

హలో? …ఉన్నావా?

బహుత్ అచ్ఛా హై. బాగా రాశావు.

…

లిఫ్టొచ్చింది పెర్సీ. వచ్చేస్తున్నా. నువ్వే కట్ చెయ్యి.

…చెయ్యవేంటమ్మా, చెయ్యి. ఈ లిఫ్టులో ఫోన్ బోర్లా పెట్టడానికి బల్ల లేదు.