కొయ్యపాదం మీద తోలుముక్కలు

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో బూట్లు కుట్టే దుకాణానికి, చనిపోయిన భర్త బూట్లు కుట్టడానికి ఆయన కొలతకు చెక్కిన కొయ్యపాదం తీసుకెళ్దామని ఒకావిడ వచ్చింది.

“దీన్ని లాస్ట్ అంటారట. ఆఖరు అనేగా?”

“కాదమ్మా, ఆ మాట వేరు,” అన్నాడు బూట్లు కుట్టే ఆయన. “మా లాస్ట్‌కి పాత ఇంగ్లీషులో అడుగుజాడ అని అర్థం. చాలాకాలం మన్నడానికి వాడే లాస్ట్ అన్న మాటా అందులోంచే పుట్టిందట.”

“ఈ తోలుముక్కలేంటి?”

“బొటనవేలి దగ్గర ఎముక పెరిగినప్పుడల్లా, బూటు అక్కడ వదులుగా రావాలని ఒకటి అంటించాను. నడిస్తే ప్రాణం పోయేది ఆయనకి.”

“డాన్సుకి రానంటే, నా లావు చూసి సిగ్గుపడుతున్నాడనుకున్నా. చెల్లెలితో వెళ్లేదాన్ని. ఇంటికొచ్చి దెప్పేదాన్ని.”

“మీకు చెప్పొద్దన్నాడమ్మా. తెలిస్తే మీరూ మానేస్తారని.”

ఆవిడ తోలుముక్కలను వేలితో మెల్లగా నిమిరింది.

“మానేసేదాన్నే. ఆ సాయంత్రాలన్నీ ఆయన పక్కన కూర్చునేదాన్ని.”