గాలికి వీపు పెట్టి నిలబడండి

ప్రభావతి మేడమ్ కోసం ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం. నాగాయలంక నుంచి బస్సులు మారి వచ్చినవాళ్ళున్నారు. గుడివాడ నుంచి, పెడన నుంచి వచ్చినవాళ్ళున్నారు. ముందు వరసలో దైవాధీనం గారున్నారు. అయ్యా, మీరు భార్యను పోగొట్టుకున్నారు. మీ దుఃఖం ముందు మాదెంత అని ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేకపోతున్నాను. చివరిదాకా మాట్లాడతాను. సగం చెప్పి ఆపేసిన జవాబుకు ఆవిడ మార్కులు వేసేవారు కాదు.

నా పేరు నాజ్నీన్. మాది పెడన. బందరులో ఈ కాలేజీలోనే, ఈ గదుల్లోనే, ఇంటర్లో ఆవిడ దగ్గర భూగోళం చదువుకున్నాను. ఇప్పుడు గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో అదే పాఠం చెప్తున్నాను. నేను ఏడవడానికి మాత్రమే రాలేదు. ఒక సంగతి తేల్చుకుని వెళ్దామని వచ్చాను. మేడమ్ పెద్దకర్మ కాకముందే ఒక మాట నా చెవిన పడింది. ఆవిడే లేరు కాబట్టి ఈ జూన్ నుంచి భూగోళం గ్రూపు ఎత్తేస్తారట. నిజమేనా పూర్ణచంద్రరావు గారూ? మీరు కాలేజీ కమిటీ అధ్యక్షులు, వేదిక మీదే ఉన్నారు. ఇప్పుడే బదులు చెప్పొద్దు. నేను చెప్పేది చివరిదాకా వినండి చాలు.

భూగోళమంటే మన దగ్గర ఎంత చులకనో నాకు తెలుసు. ఇంజనీరింగుకు వెళ్ళేవాళ్ళు ఒక గ్రూపు, డాక్టరీకి వెళ్ళేవాళ్ళు ఇంకో గ్రూపు, ఎటూ వెళ్ళనివాళ్ళు భూగోళం! అందుకే మేడమ్ ప్రతి ఏడూ సెలవుల్లో గొడుగు వేసుకుని పిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగేవారు. మా ఇంటికీ అలాగే వచ్చారు. మా నాన్న బాజి గారు కలంకారీ అద్దకం పనివారు. "ఇది చదివితే మా పిల్లకేమొస్తుందమ్మా?" అని అడిగారు. ఉద్యోగం వస్తుందని మేడమ్ అబద్ధం చెప్పలేదు. "బాజి గారూ, మీరు గుడ్డలు ఇంటి పక్క చెరువులో జాడించకుండా కాలవ దాకా ఎందుకు మోస్తారు?" అన్నారు. "నీళ్ళు పారాలి కదమ్మా, లేకపోతే వదిలిన రంగు మళ్ళీ గుడ్డకే పట్టుద్ది" అన్నారు నాన్న. "ఇంత చదునైన నేల మీద ఆ నీళ్ళు ఎందుకు పారుతున్నాయో మీ అమ్మాయికి చెప్తాను, పంపండి" అన్నారు మేడమ్. నాన్న నవ్వి టీ పెట్టించారు. నేను కాలేజీలో చేరాను.

మొదటి నెలలోనే మా పరువు పోయింది. మేడమ్ ఒక పటం బల్ల మీద పరిచారు. అందులో ఒకదాని లోపల ఒకటి గుండ్రటి గీతలు. ఇదేమిటో చెప్పండన్నారు. క్లాసంతా ఒక్క గొంతుతో "రొయ్యల చెరువండీ!" అన్నాం. గుడివాడ వైపు వాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. అది చేపల చెరువని వాళ్ళ వాదన. లోపలి గీత చిన్న గట్టు, బయటి గీత పెద్ద గట్టు అని నేను లేచి వివరం కూడా చెప్పాను. అది కొండండీ! ఆ గీతలు సమోన్నత రేఖలు. ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలిపి గీసినవి. మాలో ఎవరం కొండ చూసి ఎరుగుదుం గనక? మాకు గుండ్రంగా ఏది కనబడినా చెరువే.

మేడమ్ తిట్టలేదు. కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వారు. మర్నాడు మమ్మల్ని మంగినపూడి దారిలో ఉప్పు మళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు. తెల్లటి ఉప్పు రాశి ఒకటి చూపించి, కింద ఒక వరస, మధ్యలో ఒక వరస, కొసకు దగ్గరగా ఒక వరస కొబ్బరి తాడు చుట్టించారు. తర్వాత నిచ్చెన ఎక్కించి పైనుంచి చూడమన్నారు. చూస్తే పటంలో ఉన్న గీతలే! చెరువు కొండైపోయింది. ఆ రోజు మేమంతా కొండ ఎక్కినంత సంబరంగా ఇంటికి వెళ్ళాం. ఇప్పుడు నా పిల్లలకు నేను ధాన్యం రాశి మీద తాడు చుట్టించి అదే పాఠం చెప్తున్నాను.

ఆవిడ నవ్వని పాఠం ఒకటుంది. ఇక్కడున్న ఆవిడ విద్యార్థులందరికీ అది తెలుసు. వాన వచ్చినా, ఎండ కాసినా, వారానికోసారి మమ్మల్ని ఆవరణలో నిలబెట్టేవారు. "మాట్లాడకండి. గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి. దానికి వీపు పెట్టండి. ఎడమ చెయ్యి చాపండి. అల్పపీడనం అటుంది." ఇంతే పాఠం. మేం కిసుక్కున నవ్వేవాళ్ళం. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఒకసారి ఒకాయన, ఏం నేరం చేశారమ్మా ఈ పిల్లలు అని జాలిపడి అడిగాడు కూడా.

ఎందుకీ పట్టుదల? మేం అడగలేదు. ఒక రోజు ఆవిడే చెప్పారు. డెబ్భై ఏడు ఉప్పెన నాటికి ఆవిడ హాస్టల్లో ఉండి భూగోళం డిగ్రీ చదువుతున్నారు. దివిసీమలో ఇంటి దగ్గర అమ్మ, తమ్ముడు ఉన్నారు. ఇద్దరూ పోయారు. "నాకు తుఫానుల పేపర్లో క్లాసు ఫస్టు వచ్చింది. గాలి ఎటు తిరిగితే సముద్రం ఎటు వస్తుందో ఎనిమిది పేజీలు రాశాను. మా అమ్మకు ఒక్క ముక్క చెప్పలేదు. పరీక్షకు చదివాను గాని ఇంటికి చదవలేదు" అన్నారు. ఆ రోజు తర్వాత ఆవరణలో మాలో ఎవరం నవ్వలేదు.

అయ్యా, అమ్మా, ఆ పాఠం ఏమైందో కూడా వినండి. మంగతాయారు నా క్లాసుమేటు. అదిగో, ఆ తలుపు పక్కన కూర్చుంది. నాగాయలంక దిగువన వాళ్ళ ఊరు. చదువు అయిపోయిన కొన్నేళ్ళకు ఒక తుఫాను వచ్చింది. ఊరంతా షెల్టరులో ఉంది. మధ్యాహ్నానికి వాన ఆగింది. తుఫాను పోయింది, చెరువు గట్లు చూసుకుందాం పదండి అని మగవాళ్ళు లేచారు. అందరికంటే ముందు లేచింది వాళ్ళ నాన్న అప్పయ్య గారు. మంగతాయారు వరండాలోకి వెళ్ళి, గాలికి వీపు పెట్టి, ఎడమ చెయ్యి చాపింది. పొద్దున ఈశాన్యం నుంచి వీచిన గాలి ఇప్పుడు తూర్పు నుంచి కొడుతోంది. చెయ్యి దక్షిణం చూపించింది. అంటే తుఫాను పోలేదు. మనకు దక్షిణాన తీరం దాటబోతోంది. ఇక గాలి సముద్రాన్ని మన మీదికి తోస్తుంది.

మంగతాయారు వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది. "మా మేడమ్ చెప్పింది. నన్ను తోసేసి వెళ్ళండి, అంతేగాని నేను జరగను" అంది. కన్నకూతుర్ని తోసి వెళ్ళే తండ్రి ఎవరండీ? అప్పయ్య గారు విసుక్కుంటూ కూర్చున్నారు. ఆయన కూర్చుంటే మిగతావాళ్ళూ కూర్చున్నారు. చీకటి పడకముందే సముద్రపు నీళ్ళు షెల్టరు మెట్ల దాకా వచ్చాయి. చెరువులన్నీ పోయాయి. మనుషులు మిగిలారు.

తర్వాత ఈ సంగతి చెప్పాలని మంగతాయారు బందరు వచ్చింది. మేడమ్ మెచ్చుకుంటారనే కదా ఎవరమైనా అనుకుంటాం? ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "గాలి ఏ వేళకు తిరిగిందే?" అని. సమాధానం విని తలాడించారు. వంటింట్లోకి వెళ్ళారు. చాలాసేపు బయటికి రాలేదు. మళ్ళీ వచ్చి, "మీ అమ్మకు చెప్పావా ఈ పాఠం?" అన్నారు. చెప్పానంది. "అయితే పాసయ్యావు" అన్నారు.

పూర్ణచంద్రరావు గారూ, మీరు ఎత్తేస్తామంటున్నది ఈ పాఠం. పిల్లలు చేరడం లేదంటారు. నిజమే, చేరరు. గొడుగు వేసుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషి ఉంటేనే చేరతారు. చెప్పేవాళ్ళు లేరంటారు. అదీ నిజమే, నిన్నటిదాకా. నేను గుడివాడలో ఉద్యోగానికి ఈ ఉదయం రాజీనామా ఇచ్చి వచ్చాను. మా ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాన్న వెనక వరసలో కూర్చుని ఇప్పుడే వింటున్నారు. ఆయన మొహం చూసే ధైర్యం నాకు లేదు, అందుకే మీ వైపు చూస్తూ మాట్లాడుతున్నాను. మీరు నాకు జీతం ఇస్తారా, ఎంత ఇస్తారు, అది మనం తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. గది మాత్రం తాళం వేయకండి. వేస్తే ఆవరణలో చెప్తాను. ఎటూ ఆవిడ ముఖ్యమైన పాఠం చెప్పింది అక్కడే.

మేడమ్ విద్యార్థులకు ఒక మాట. ఆవిడ ఫొటోకు దండ వేసి వెళ్ళిపోతే సరిపోదు. రేపటి నుంచి నాతో ఇళ్ళకు రండి. మీ తమ్ముళ్ళను, చెల్లెళ్ళను పంపండి. మా తమ్ముడు జమీర్ చేరుతున్నాడు. కంప్యూటర్లంటూ గొణుగుతున్నాడు గాని, చేరుతున్నాడు. పంపడం కుదరనివాళ్ళు ఈ రాత్రి ఇంటికి వెళ్ళి మీ అమ్మకు చెప్పండి. ఎడమ చెయ్యి ఎటు చాపాలో మీ అమ్మకు చెప్పండి. ఆవిడ చెప్పుకోలేకపోయింది అదొక్కటే.

ఇక ఆవిడ కోసం మౌనం పాటిద్దాం. ఆ కిటికీలు తెరవండి బాబూ. ఫ్యాన్లు ఆపండి. తలలు దించుకోవద్దు, ఆవిడకు అది నచ్చదు. దైవాధీనం గారూ, మీరు కూడా లేవండి. అందరూ లేవండి. మాట్లాడకండి.

గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి. దానికి వీపు పెట్టి నిలబడండి.