బోర్డుకి రెండోవైపు

బస్సుల బోర్డులు రాసే పెయింటరు డిపో షెడ్డులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అన్ని ఊళ్ల పేర్లూ రాసేశాడు, రాజధాని పేరు తప్ప. కూతురు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"డ్రైవరు హారన్ కొడుతున్నాడు నాన్నా. ఆ ఒక్క పేరూ రాసెయ్."

"రంగు గట్టిపడింది. కలపనీ."

"పొద్దుట్నుంచీ కలుపుతూనే ఉన్నావు."

"ఆ పేరు వింటేనే నాకు ఆసుపత్రి వాసనొస్తుందే. మీ అమ్మని మింగేసింది ఆ ఊరే."

"అమ్మకి మాత్రం ఆ పేరంటే సినిమా హాళ్లు, రంగురంగుల దీపాలు. ఒంట్లో ఓపిక లేకపోయినా కొత్త చీర కట్టుకుని మరీ బస్సెక్కింది."

"గుర్తులేకేం! మరి నీకేమిటే ఆ పేరు?"

"మొదటి ఉద్యోగం. అంతకుమించి ఏమీ తెలీదు. భయం నాకూ ఉంది నాన్నా."

ఆయన కుంచె ముంచాడు. బోర్డు వెనక్కి తిప్పి, సొంత ఊరి పేరు మొదలుపెట్టాడు.

"అయ్యో, అది తిరిగొచ్చేటప్పుడు పెట్టేది కదా! ముందు వెళ్లే ఊరు రాయి."

"నువ్వూరుకో. మీ అమ్మ ఎక్కిన రోజు తొందరపడి ఈ వైపు రాయకుండానే పంపేశాను. ఈసారి ముందు ఇదే. హారన్ కొట్టుకోమను."